రెండు సాయంత్రాల రెయిలింగు

కాంట్రాక్టరు బండి దిగకుండానే పని చెప్పాడు. శని ఆదివారాల్లో నదిగట్టు మీద సంగీతోత్సవం పెడుతున్నారు, టిక్కెట్టు లేదు గనక ఊరు ఊరంతా వచ్చి పడుతుంది, ఆ తోపులాటలో ఎవరైనా నీళ్లలో పడితే తన మెడకి చుట్టుకుంటుంది, అందుకని గట్టు పొడుగునా రెయిలింగు నిలబెట్టాలి. పైపులు అద్దెకి తెస్తాడు. కరెంటు గట్టు మీదే ఇప్పిస్తాడు. శుక్రవారం పొద్దుగూకేలోపు పని అయిపోవాలి.

వెల్డరు అప్పుడొక గేటుకి గొళ్లెం అతికిస్తున్నాడు. మొహానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం దించకుండానే అంతా విన్నాడు.

"ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?"

"పాత పంపుహౌసు దగ్గర్నుంచి బడి మలుపు దాకా."

చేతిలోని వెల్డింగు రాడ్డు గేటుకి అంటుకుపోయింది. మణికట్టు అటూ ఇటూ తిప్పినా ఊడి రాలేదు. హోల్డరు నొక్కి వదిలేశాడు. కాలిన రాడ్డు గేటు మీద ఎర్రగా, ముల్లులా నిలబడిపోయింది.

షాపులో పైపులు పట్టుకోవడానికీ, కొలతలు చూడడానికీ ఒక పెద్దాయన ఉన్నాడు. అందరికీ ఆయన బాబాయే. బాబాయి వెల్డరు వంక చూసి, చేతులు తుడుచుకుంటూ బండి దగ్గరికి వెళ్లి, ఈ పని వేరే షాపుకి ఇవ్వండి, మాకు చేతినిండా ఉంది అన్నాడు. కాంట్రాక్టరుకి ఆ మాట నచ్చలేదు. ఈ పేటవాడు కాదు గనక అతనికి అసలు సంగతి తెలియదు. తెలియని మనిషిని తప్పు పట్టడానికీ లేదు.

"చేస్తాను సార్," అన్నాడు వెల్డరు. అప్పుడు దించాడు నల్లద్దం.

బడి వైపు నుంచి వచ్చే రాతిగోడ ఈ మలుపు దగ్గర అయిపోతుంది. అక్కణ్ణుంచి బాటకీ నీళ్లకీ మధ్య సిమెంటు అంచు తప్ప ఇంకేమీ లేదు. కిందటేడు వానల్లో, బడి నుంచి తిరిగొస్తూ, వెల్డరు కూతురు ఆ అంచు మీద కాలు జారి నీళ్లలో పడింది. రెండో తరగతి. నీళ్లు మరీ లోతు కూడా కాదక్కడ. కానీ పిల్ల పొట్టిది, నది నిండుగా ఉంది.

ఆ తర్వాత పేటవాళ్లంతా కలిసి రెయిలింగు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒకచోట నిధులు లేవన్నారు. ఇంకోచోట గట్టు మా శాఖది కాదన్నారు. మూడోచోట చూద్దాం అన్నారు, అంటే చూడం అని అర్థం. చెప్పులరిగాయి, ఆ తర్వాత నోళ్లూ అరిగాయి. ఒక్కొక్కరే ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు.

మర్నాడు పొద్దున్నే గట్టు మీదికి లారీ వచ్చింది. పైపులు దిగాయి, కరెంటు వైరు దిగింది, నీళ్ల డ్రమ్ము దిగింది. ఏడాది తిరిగినా కదలని పని టీ తాగి కప్పు పారేసేలోపు మొదలైపోయింది.

కాంట్రాక్టరు దగ్గరుండి చూపించాడు. సిమెంటు అంచులో ఎప్పటిదో ఇనుప పట్టీ పొడుగునా పొదిగి ఉంది. నిలువు పైపులన్నీ దాని మీద నిలబెట్టి, అడుగున అక్కడక్కడా చుక్క పెడితే చాలు. "టాక్ వెయ్యి, అంతే. సోమవారం పొద్దున మావాళ్లు సుత్తితో ఒక్కటేస్తే ఊడిపోవాలి. అద్దె పైపులయ్యా. మంగళవారం ఇంకో ఊళ్లో సభ ఉంది, అక్కడికి పోవాలి ఇవి."

వెల్డరు తలూపాడు. బాబాయి పైపు నిలబెట్టి, ఒక కన్ను మూసి నిటారుగా ఉందో లేదో చూసి "ఊఁ" అనేవాడు. వెల్డరు మోకాళ్ల మీద కూచుని చుక్క పెట్టేవాడు. చిటపటమని నిప్పురవ్వలు లేచి అంచు దాటి నీళ్లలో పడి చుస్సుమనేవి. చల్లారాక చిన్న సుత్తితో పైన పేరుకున్న చిట్టెం రాల్చి, ముందుకి జరిగేవాడు. మలుపు ఇంకా దూరంలోనే ఉంది. మొదటిరోజు అటువైపు తల తిప్పలేదు. రెండోరోజు తిప్పకుండా ఉండడం కుదరలేదు, పని తనంతట తానే అటు జరుగుతోంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. చెప్పకపోతే తెలియకుండా ఉంటుందా? అతని తల్లికి మోకాళ్లు పనిచేయవు గానీ చెవులు మాత్రం వీధి చివరిదాకా పనిచేస్తాయి. గుమ్మంలో కూచునే గట్టు మీద ఏ పైపు ఎక్కడ నిలబడిందో చెప్పగలదు. గురువారం సాయంత్రం అందరూ అన్నాలకి కూచున్నప్పుడు ఆవిడే ఎత్తింది ఆ మాట. వయొలిన్లూ డప్పులూ వస్తున్నాయట, పక్క ఊళ్ల నుంచి పాటగాళ్లు వస్తున్నారట, కుర్చీలు కూడా వేస్తారట.

"పైసా ఖర్చు లేకుండా ప్రాణమున్న పాట వినిపిస్తామంటే కూడా ఇంట్లో కూచుని రేడియో చెవి మెలిపెట్టుకోమంటారా నన్ను?" అంది. "నన్ను ఎత్తుకెళ్లి అక్కడ పడేయండి చాలు. తిరిగి రావడం నేను చూసుకుంటాను. నాలాంటిదాన్ని ఎవరూ ఉంచుకోరు, వాళ్లే తెచ్చి దింపుతారు."

కోడలు నవ్వలేదు. ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పిల్ల పోయినప్పటి నుంచి పనికి గట్టు మీదుగా పోవడం మానేసి, బజారంతా చుట్టు తిరిగి పోతోంది. కంచం ముందు కూచుని మొగుడి చేతుల వంక చూస్తోంది. మణికట్టు మీద రవ్వలు పడి కాలిన మచ్చలు కొత్తగా ఉన్నాయి.

"బడిపిల్లల పాటతో మొదలెడతారట," అంది ముసలావిడ. అని, నాలిక్కరుచుకుంది. రెండో తరగతిలో ఉన్నవాళ్లు ఇప్పుడు మూడో తరగతికి వచ్చారు. వాళ్లే పాడేది.

అన్నాలయ్యాక పెళ్లాం గిన్నెలు తోముతుంటే వెల్డరు పక్కన నిలబడి నీళ్లు పోస్తున్నాడు. తలెత్తకుండానే అడిగిందామె.

"అక్కడిదాకా వస్తుందా?"

"అక్కడిదాకా వస్తుంది."

"గట్టిగా ఉంటుందా?"

సుత్తితో ఒక్కటేస్తే ఊడిపోతుంది అని చెప్పాలి. "ఆఁ," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి మలుపు దగ్గరికి వచ్చారు. బాబాయి మొదటి పైపు నిలబెట్టి "ఊఁ" అన్నాడు. వెల్డరు మోకాళ్ల మీద కూచున్నాడు. చుక్క పెట్టాడు. ఆ పక్కనే ఇంకో చుక్క పెట్టాడు. రాడ్డు ఎత్తకుండా పైపు చుట్టూ నెమ్మదిగా తిప్పుకుంటూ వచ్చి, మొదలెట్టిన చోటే ఆపాడు. చిట్టెం రాల్చి చూసి, దాని మీద ఇంకో వరుస వేశాడు. చేప పొలుసుల్లాగా ఒకదాని మీదికి ఒకటి ఒరిగి, సన్నగా, ఒత్తుగా వచ్చింది అతుకు.

"సోమవారం పీకేసేదానికి ఇంత పోత దేనికిరా?" అన్నాడు బాబాయి.

వెల్డరు ఇంకో రాడ్డు హోల్డరుకి బిగించాడు. నల్లద్దం వెనకాల మొహం కనిపించదు. బాబాయి ఇంకేం అడగలేదు. పొద్దు వాలుతోంది, రాడ్లు అయిపోతున్నాయి, అయినా తొందర పెట్టలేదు. మలుపు పొడుగునా ప్రతి పైపుకీ అలాగే రెండు వరుసలు పడ్డాయి. ఒకసారి నాటుకున్నదాన్ని ఎవరు మాత్రం పనిగట్టుకుని పీకుతారు? సుత్తికి రాకపోతే, ఆ నాలుగు పైపులు పోతే పోనీలే అని వదిలేస్తారు. పెద్దపెద్ద పనుల్లో ఎన్ని పోవడం లేదు? ఇవీ అలాగే పోతాయి. వెల్డరు లెక్క అది. పైకి అనలేదు, అంటే పాడవుతుందని భయం.

శనివారం సాయంత్రం అతను తల్లిని సైకిలు రిక్షాలో ఎక్కిస్తుంటే, పెళ్లాం తలుపుకి తాళం వేసి వచ్చి పక్కన నిలబడింది. మంచి చీర కట్టుకుంది. ఎక్కడికని అతను అడగలేదు.

గట్టు మీద ఇసుకేస్తే రాలనంత జనం. పంపుహౌసు ముందు వేదిక వేశారు. నీళ్ల మీద దీపాల నీడలు పాముల్లా పాకుతున్నాయి. తల్లిని ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టారు. పక్కనున్న అపరిచితురాలితో ఆవిడ అప్పుడే మోకాళ్ల సంగతి మొదలెట్టేసింది. మొగుడూ పెళ్లాలు జనంలోంచి తప్పుకుంటూ, తప్పుకుంటూ, మలుపు దాకా వచ్చారు. ఎవరు ఎవర్ని తీసుకొచ్చారో చెప్పలేం.

ఆమె రెయిలింగు ముందు నిలబడింది. రెండు చేతులతో పై పైపు పట్టుకుంది. ముందు మెల్లిగా, తర్వాత బలమంతా పెట్టి ఊపింది. కదల్లేదు. తన ఒళ్లు కదిలింది తప్ప పైపు కదల్లేదు. చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయింది.

బడిపిల్లలు వేదిక మీదికి వచ్చారు. తెల్ల చొక్కాలు, తడిపి దువ్విన తలలు. పాట మొదలెట్టగానే సగంమంది ముందుకీ సగంమంది వెనక్కీ పోయారు, పంతులమ్మ కింద నుంచి చేతులూపి అందర్నీ మళ్లీ ఒక దారిలో పెట్టింది. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. పెళ్లాం వంక చూడలేదు వెల్డరు. చూస్తే తను తట్టుకోలేడు. పాట అయిపోయాక మాత్రం చూశాడు. ఆమె కళ్లు తడిగానే ఉన్నాయి, కానీ వేదిక వైపు లేవు.

పాటలో లేని చిన్నపిల్లలు కొందరు బాట మీద పరుగులు పెడుతున్నారు. వాళ్లలో ఒక పిల్ల, చేతిలో ఐసు పుల్ల, వెనక తరుముతున్నవాళ్లని చూసుకుంటూ ముందుకి పరిగెత్తుకొచ్చి, మలుపులో ఆగలేక ధడాల్న రెయిలింగుకి కొట్టుకుంది. పైపు ఖంగుమంది. పిల్ల వెనక్కి పడి, లేచి, నవ్వి, ఐసు ఒలికిన చెయ్యి గౌనుకి తుడుచుకుని, మళ్లీ పరుగెత్తింది. ఎవరూ చూడలేదు. చూడాల్సింది ఏముంది? ఏమీ జరగలేదు కదా.

"చూశావా," అంది వెల్డరు పెళ్లాం.

"చూశాను."

"అంతే. అంతే కదయ్యా కావాల్సింది."

వేదిక మీద వయొలిన్ మొదలైంది. వాయించేవాడు కళ్లు మూసుకుని, ఒక్క స్వరాన్నే పట్టుకుని, తెగుతుందేమో అన్నంత సన్నగా లాగుతున్నాడు. డప్పువాడు ఇంకా ముట్టుకోలేదు. కర్రలు గాల్లో పెట్టి ఎదురుచూస్తున్నాడు. దెబ్బ పడగానే జనమంతా ఒక్కసారి ఊగారు. వెల్డరు కాలు తనకి తెలియకుండానే తాళం వేసింది. అది గమనించి ఆపేశాడు, పిల్ల పోయిన చోట నిలబడి ఈ కాలికి సిగ్గులేదా అనుకున్నాడు. కాసేపటికి మళ్లీ వేసింది. ఈసారి ఆపలేదు. పైపు మీద ఉన్న పెళ్లాం వేలు కూడా అదే తాళం వేస్తోంది.

ఆదివారం ఆమే ముందు తయారైంది. లాండ్రీలో పనిచేసే వాళ్లని ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. డప్పులు జోరందుకున్నప్పుడు ముసలావిడ కుర్చీలో కూచునే భుజాలు ఎగరేసింది. "మోకాళ్లు బాగుంటేనా, ఆ స్టేజీ విరిగేది," అంటే కోడలు పకపకా నవ్వింది. ఏడాదిలో ఆ నవ్వు వినడం అదే మొదలు. తల్లీ కొడుకూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివర్లో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని అందరికీ వందనాలు చెప్పి, ప్రజల క్షేమమే మాకు ముఖ్యం, చూడండి ఎంత పకడ్బందీగా ఏర్పాట్లు చేశామో అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వెల్డరు కూడా కొట్టాడు. మనసారా కొట్టాడు. ఏమో, వదిలేస్తారేమో.

సోమవారం పొద్దున వెల్డరు షాపుకి పోకుండా గట్టు మీదికే వెళ్లాడు. లారీ అప్పటికే వచ్చి ఉంది. కూలీలు పంపుహౌసు నుంచి మొదలెట్టి సుత్తితో ఒక్కొక్క పైపు కొట్టుకుంటూ వస్తున్నారు. పైపులు కోసిన గడ్డిలా పక్కకి ఒరిగిపోతున్నాయి. మలుపు దగ్గరికి వచ్చేసరికి సుత్తి వెనక్కి ఎగిరింది. ఇంకోడు వచ్చి కొట్టాడు. చేతులు జివ్వుమన్నాయే తప్ప పైపు ఊడలేదు.

కాంట్రాక్టరు వచ్చి వంగి అడుగున అతుకు చూశాడు. తలెత్తి వెల్డర్ని చూశాడు.

"ఏంటయ్యా ఇది? నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"ఈ మలుపు మటుకు వదిలెయ్యండి సార్."

"వదిలెయ్యడానికి నా సొత్తా?"

"మా పాప ఇక్కడే పడింది సార్." ఏడాదిగా ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. అందరికీ తెలుసు గనక అనే అవసరం రాలేదు. ఇప్పుడు అనబోతే, మాట చాలా చిన్నగా వచ్చింది. "కిందటేడు. ఇదిగో, ఇక్కడ."

కాంట్రాక్టరు చెడ్డవాడు కాదు. జేబులోంచి ఫోను తీసి, దూరంగా వెళ్లి, ఆఫీసులో ఇంజనీరుతో మాట్లాడాడు. చాలాసేపే మాట్లాడాడు, ఒక చెయ్యి ఊపుతూ, బతిమాలుతున్నట్టుగా కూడా. తిరిగొచ్చి నేల వంక చూస్తూ చెప్పాడు. ఉంచడం కుదరదట. ఉత్సవానికి అనుమతి ఉంది గానీ రెయిలింగుకి లేదట. రేపు ఎవడైనా దాని మీద ఆనుకుని పడితే, ఇది ఎవరు పెట్టమన్నారని అడుగుతారట. అసలు లేకపోతే అడిగేవాడే ఉండడట.

"నువ్వే కోసెయ్యి, నీ చేత్తో," అన్నాడు కాంట్రాక్టరు. "నీకు కూలి ఇప్పిస్తాను."

వెల్డరు తల అడ్డంగా ఊపాడు. వెళ్లి రాతిగోడ మీద కూచున్నాడు.

గ్యాస్ కట్టరు ఉన్నవాణ్ణి ఎక్కణ్ణుంచో పిలిపించారు. అతనికి ఇంకెక్కడో పని ఉంది, తొందరలో ఉన్నాడు. అడుగున రెండు వరుసల పోత చూసి ఛీ అన్నాడు, దానితో పెట్టుకుంటే సాయంత్రం అవుతుందన్నాడు. అతుకుకి జానెడు పైన మంట పెట్టి ఒక్కొక్కటీ కోసుకుంటూ పోయాడు. పైపులు లారీ ఎక్కాయి. లారీ కదిలి వెళ్లిపోయింది. వేదిక విప్పేశారు, కరెంటు వైరు చుట్టేశారు, ఐసు పుల్లలూ కాగితాలూ గాలికి నీళ్లవైపు దొర్లుతున్నాయి.

వెల్డరు లేచి మలుపు దగ్గరికి వచ్చి చూశాడు.

గట్టంతా ఎప్పటిలా నున్నగా ఉంది. చుక్కలు పెట్టినచోట చిన్న మచ్చలు తప్ప ఏమీ లేవు. ఒక్క ఈ మలుపులో మాత్రం, సిమెంటు అంచు పొడుగునా, పిల్లల పిక్కల ఎత్తున పైపు మొదళ్లు నిలబడి ఉన్నాయి. కోసిన అంచులు రంపం పళ్లలా ఉన్నాయి, ఇంకా వేడి తగ్గలేదు. మునుపైతే ఇక్కడ తట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పరిగెత్తుకొచ్చే పిల్ల జారితేనే పడేది. ఇప్పుడు జారక్కర్లేదు. ఈ మొదలు కాలికి అడ్డం పడితే చాలు, తలకిందులుగా నీళ్లలోకే.

అతను ఒకదాన్ని చెప్పుకాలితో తన్నాడు. కదల్లేదు. బాగా అతికించాడు మరి.

షాపుకి పరిగెత్తాడు. గ్రైండరు భుజాన వేసుకుని, వైరు చుట్ట తీసుకుని, బాబాయిని రమ్మన్నాడు. మలుపుకి ఎదురింటివాళ్లని కరెంటు అడిగితే వాళ్లు ఒక్క మాట కూడా అనకుండా కిటికీలోంచి ప్లగ్గు లోపలికి తీసుకున్నారు. మోకాళ్ల మీద కూచుని మొదటి మొదలు మీద చక్రం ఆనించాడు. శుక్రవారం తను పోసిన ఇనుము అది. ఒక్కో వరుసా అరగడానికి ఎంతసేపు పడుతుందో అతనికి ముందే తెలుసు. రవ్వలు లేచి నీళ్లలో పడుతున్నాయి. బాబాయి పక్కన కూచుని అరిగిన చక్రాలు మారుస్తున్నాడు. సగం కూడా కాలేదు, బడి వదిలే గంట కొట్టారు.

అతను తలెత్తి చూశాడు. బడి గేటు దగ్గర తెల్ల చొక్కాలు. చక్రం ఇంకా గట్టిగా నొక్కాడు. నొక్కితే పని తొందరగా కాదనీ, చక్రం పగులుతుందనీ తెలిసి కూడా నొక్కాడు.

ఎవరో పక్కనుంచి దాటుకుంటూ వెళ్లారు. పెళ్లాం. అత్త కబురు చేసిందో, ఎవరు చెప్పారో, లాండ్రీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. పనిగౌను ఇంకా ఒంటిమీదే ఉంది. చుట్టు తిరిగి రాలేదు, గట్టు మీదుగానే వచ్చింది. కోసిన మొదళ్లని ఒకసారి చూసింది, మొగుణ్ణి ఒకసారి చూసింది. నువ్వు గట్టిగా ఉంటుందన్నావు కదా అనలేదు. గ్రైండు చెయ్యాల్సినవి ఎన్ని మిగిలాయో చూసుకుని, వాటి ముందుకి పోయి, నీళ్లకి వీపు పెట్టి రెండు చేతులూ చాచి నిలబడింది.

పిల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నారు. "ఇటు కాదమ్మా, ఆ ఇళ్ల గోడల పక్కనుంచి. పరిగెత్తకండి. ఆ గోడల పక్కనుంచి నడవండి," అంటూ ఒక్కొక్కరి భుజం పట్టి అటు తిప్పుతోంది. గొంతు మామూలుగానే ఉంది.

ఒక పిల్ల ఆగి, వేదిక లేని పంపుహౌసు వైపు చూసి అడిగింది. "పాటలు మళ్లీ ఎప్పుడు పెడతారు అత్తా?"

"వచ్చే ఏడు పెడతారేమో తల్లీ," అందామె. "అప్పటిదాకా మీరు ఇటునుంచే నడవండి."

పిల్లలంతా వెళ్లిపోయారు. బాట ఖాళీ అయింది. వెల్డరు చివరి మొదలు కూడా అరగదీసి గ్రైండరు ఆపాడు. ఆ మోత ఆగాక నీళ్ల చప్పుడు పెద్దగా వినిపించింది. పెళ్లాం చేతులు ఇంకా దించలేదు. అతను గ్లౌజు తీసి, ఇనుప పట్టీ పొడుగునా అరచేత్తో తడుముకుంటూ వెళ్లాడు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. ఎక్కడా ఏమీ తగల్లేదు.